నేను వర్ణించిన అక్క ఇల్లు

ఇందుల ప్రతి అక్షరం నిజం. మా మాదన్నపేట అమ్మవారి గడప పసుపు మీద ఒట్టు. మా బాపు కట్టిన పూలదండల మీద ఒట్టు. ఇంకా నమ్మకుంటే ముందు ముందు నాకు రాబోయే పింఛన్ మీద ఒట్టు. నా ముచ్చట్లు మా గల్లీల ఎవ్వరు నమ్మరని నాకు తెలుసు. నేను వాన పడుతున్నదంటే కిటికీల నుంచి చెయ్యి బయటపెట్టి చూసుకునేటోళ్లు వాళ్లు. అందుకే ముందుగాలనే ఒట్టు పెడుతున్న.

మాది దండలు కట్టే ఇల్లు. బాపు గుడికి పూలదండలు కట్టేటోడు. తెల్లారంగనే గంపల పూలు ఇంటికొస్తే అక్క దారం పట్టుకొని కూసునేది, నేను మరువం రెమ్మలు తుంచి అందిచ్చేటోన్ని. రెండు కనకాంబరాలకు ఒక మరువం రెమ్మ. అక్క బడికి పోయినా, పెండ్లిపీటల మీద కూసున్నా ఆమె వేళ్లకు ఆ వాసన పోలే. నాకేమో పెద్దయినంక సర్కారు ఆఫీసుల ఒక బల్ల, బల్ల కింద కాళ్లు చాపుకునేంత జాగ దొరికినయ్. అక్క మొగల్‌పురాల కాపురం పెట్టింది. బావ కాంట్రాక్టులు మొదలుపెట్టిండు. అదృష్టం కలిసొచ్చింది. ఒకరోజు సామాను లారీల ఎక్కిచ్చుకొని మూసీ దాటి జూబ్లీహిల్స్‌కు పోయిన్రు.

దాటినంక కూడా మంచిగనే ఉండె. చెడగొట్టింది నేను.

మా దిక్కు పెండ్లికైనా పేరంటానికైనా ఇంటి ఆడబిడ్డను బొట్టు పెట్టి పిలవాలె. వాళ్ల గడప దాటి లోపలికి పోవాలె, నొసటికి కుంకుమ పెట్టాలె, కార్డు చేతిల పెట్టాలె. గోడ పక్క ఇల్లైనా గంతే. గోడ మీదికెళ్లి కేకేస్తే పిలిచినట్టు కాదు. నాలుగేండ్ల కింద మా చిన్నబిడ్డ హాఫ్ సారీ ఫంక్షన్‌కు నేనేం చేసిన? ఫోన్‌ల స్టేటస్ పెట్టిన. పసుపురంగు కార్డు, పైన గణపతి, కింద "అందరూ ఆహ్వానితులే". చూసినోళ్ల లిస్టుల అక్క పేరు కనబడ్డది. చూసింది గదా, పిలిచినట్టే లెక్క అనుకొని నిమ్మళంగ పండుకున్న. తోడబుట్టిన అక్కను, మా ఇంటికున్న ఒక్కగానొక్క ఆడబిడ్డను, స్టేటస్ మీద పిలిచిన మొగోన్ని ఈ హైదరాబాద్‌ల నేనొక్కన్నే అయ్యుంట.

అక్క రాలే.

ఫంక్షన్ అయినంక మా ఇంటామె సకినాల డబ్బా నా చేతిల పెట్టింది. "వదినెకు కోపమొచ్చినట్టుంది. పోయి కాళ్ల మీద పడు. నువ్వు పడనంటే నేను పడ్త." నేను పోయిన. పోయిన మాట నిజం. అక్కడేం జరిగిందో ఆ గేటు కాడికి చేరినంక చెప్త, ఇప్పుడు చెప్తే నా నోరు ఎండుకపోతది. ఇంటికొచ్చి మాత్రం గిట్ల చెప్పిన:

"కోపం లేదు ఏం లేదు. లోపలికి తీస్కపోయింది. చాయ్ తాగిపిచ్చింది."

"ఇల్లెట్లున్నది?"

ఆ ఒక్క ప్రశ్న అడగకుండ ఉండాల్సింది ఆమె. "గేటుకు రెండు దిక్కుల రాతి ఏనుగులే. లోపల నీళ్లు ఎగిరే ఫౌంటెన్. మామిడిచెట్టును కొట్టబుద్ధి గాక దాని సుట్టు మెట్లు కట్టిచ్చిన్రు. హాల్ల ఇత్తడి గొలుసుల ఊయల. ఒక చిలుక, మనం పోంగనే ఉర్దుల 'ఆయియే' అని లోపలికి పిలుస్తది."

అట్ల షురువైంది. ప్రతి పండుగకు డబ్బా నిండుడు, నేను పట్టుకపోవుడు. దసరాకు సర్వపిండి, బోనాలకు గారెలు, ఉత్తపుణ్యానికి సకినాలు. అవన్నీ మా ఆఫీసుల తినేటోళ్లు. "అన్నా, ఈ నెల మీ అక్కకు ఏం పంపలేదా వదిన?" అని అడిగేదాక వచ్చింది. ఫోన్ చేస్తనంటే అక్క చెవికి ఏదో అయిందని, డాక్టర్ ఫోన్ బంద్ చెయ్యమన్నడని చెప్పిన. నేను కూడ వస్తనంటే, ఆఫీసు నుంచి అట్లనే పోయొస్తనని తప్పిచ్చుకున్న. ఒకసారి మా ఇంటామె "నాలుగేండ్ల సంది నేను పంపుడే గాని వదినె ఒక్క రవికె గుడ్డన్న పంపకపాయె" అని మొఖం చిన్నగ చేసుకుంది. తెల్లారి మదీనా దిక్కు బట్టల బజారుకు పోయి మామిడిపండు రంగు చీర కొని, అక్క ఇచ్చిందని చేతిల పెట్టిన. ఆమె దాన్ని కండ్లకద్దుకుంది. ఆ చీర అట్లనే బీరువల పెట్టింది, మంచిరోజు కడ్తనని.

ఆ మంచిరోజు మొన్న వచ్చింది.

పెద్దబిడ్డ పెండ్లి కుదిరింది. మా ఇంట్ల పెండ్లంటే ఐరేని కుండలు రావాలె. రంగులేసిన పెండ్లి కుండలు అవి. కుమ్మరోళ్ల ఇంటి నుంచి డప్పుల నడుమ ఇంటి ఆడబిడ్డ నెత్తి మీదనే రావాలె, ఇంకొకరు ముట్టరు. బుధవారం కుండలు తెచ్చుడు. అప్పుడు ఆదివారం. బిడ్డ నా దగ్గరికొచ్చి మెల్లగ అన్నది, "బాపూ, అత్తమ్మ రాకుంటే నేను ఆ కుండల ముంగట కూసోను. చిన్నప్పుడు నా జడల దండలన్నీ ఆమెనే కట్టింది."

"వస్తది బిడ్డా. పండుగ పండుగకు పోతలేనా నేను?"

మా ఇంటామె లోపలికెళ్లి బయటికొచ్చింది. మామిడిపండు రంగు చీర కట్టుకుంది. 

"గిదెందుకు కట్టినవ్?"

"వదినె ఇచ్చింది కట్టుకొని పోతే సంబురపడ్తది. నడు. ఈసారి ఫోన్ లేదు, స్టేటస్ లేదు. బొట్టు పెట్టేదాక ఆమెకు ముందు ఖబర్ కూడా ఇయ్యద్దు. నువ్వు దారి చూపు, నేను బొట్టు పెడ్త."

సంచిల కుంకుమ భరిణె, కార్డు, రవికె బట్ట, పొద్దుగాల గుడిమల్కాపూర్ మార్కెట్ల తెచ్చిన మల్లెపూలు. నా దగ్గర ఉన్నది ఒక రోడ్డు నంబర్. అంతే. అడ్రస్ రాసిన చీటి నాలుగేండ్ల కిందనే ఒక ఆటోల పోయింది. ఆనాడు పోయింది కూడ వానల, ఆటో పరద చాటుకెళ్లి. దారి యాదికి లేదు. ఇల్లు లోపల ఎట్లుంటదో అసలే తెల్వదు. ఏనుగులు లేవని మాత్రం తెలుసు.

మలక్‌పేట మెట్రో ఎక్కి అమీర్‌పేటల మారినం. "జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ కాడ దిగాలెనా?" అని మా ఇంటామె అడిగింది. నాకు టైం కావాలె. "ముందుగాల పెద్దమ్మ గుడి కాడ దిగుదాం. శుభకార్యం గదా, దండం పెట్టుకొని పోదాం" అన్న. ఇంత భక్తి నాకెప్పుడొచ్చిందా అని నా దిక్కు చూసింది.

గుళ్లె నేను మొక్కిన మొక్కు బయటికి చెప్పేది గాదు. అక్క ఊర్ల ఉండొద్దని మొక్కిన. మళ్ల బిడ్డ యాదికొచ్చి, ఉండాలె తల్లీ అని మొక్కు మార్చిన. మళ్ల చీర యాదికొచ్చింది. పూజారి శఠగోపం పెట్టేవరకు నేను ఏం మొక్కిన్నో నాకే తెలుస్తలే.

బయటికొచ్చి మెట్రో స్తంభాల వెంబడి నడిచినం. అద్దాల దుకాణాలు, లోపల ఒక్క గిరాకి లేడు, అయినా ఏసీ నడుస్తనే ఉన్నది. ఒక అద్దంల ఒక్కటంటే ఒక్క చెప్పు పెట్టిన్రు. "రెండోది ఏది?" అని మా ఇంటామె అడిగింది. "కొన్నోళ్లకే చూపిస్తరు" అన్న. నడుస్తనే ఉన్న, చెప్తనే ఉన్న. భయమైతే నా నోరు ఆగదు. ఆ మేడల ఫలానా వాళ్లకు కుక్క కోసం వేరే లిఫ్ట్ ఉన్నదని, ఈ హోటల్ల నీళ్లు కూడ మెనూల చూసి తాగాలెనని. అక్క ఇంటికి వచ్చేటప్పుడు ఈ దారి మీదనే వస్తనని.

"ఇంత ఎండల నడిచొచ్చేటోనివా?"

"ఆటోలు దొరకవు."

మా ముంగటనే మూడు ఆటోలు ఆగి ఉన్నయ్.

చెక్‌పోస్ట్ కాడికి వచ్చినం. "చెక్‌పోస్ట్ ఏది?" అని నిలబడి సుట్టు చూసింది. "పేరే మిగిలింది" అన్న. "పేరు మిగిలింది, పోస్ట్ లేదు" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే. నా సంగతి కూడ గంతే గదా.

రోడ్డు దాటి పార్కు గోడ పట్టుకొని నడిచినం. లోపల నెమలి అరిచింది. "ఆడ ఆగుదాం, నెమలిని చూద్దాం" అన్న. "పెండ్లి పిలుపుకు వచ్చినమా, నెమళ్ల కోసం వచ్చినమా?" అన్నది. ఇగ సందులల్లకు తిరగక తప్పలే.

ఆ సందులు మీకు చెప్పాలె. మా మాదన్నపేటల ఒక ఇల్లు కావాలంటే నాలుగు రోడ్ల కాడ నిలబడి ఇంటాయన పేరు చెప్పాలె. ముగ్గురు తోవ చూపిస్తరు, నాలుగో ఆయన వెంబడే వస్తడు, ఆ ఇంట్లోళ్లకు మనకు ఏం చుట్టరికమో తెలుసుకున్నంకనే పోతడు. ఇక్కడ గోడలే ఉన్నయ్. ఒక్కొక్క గోడ ఇద్దరు మనుషుల ఎత్తు, పైన ముండ్ల తీగ, తీగ మీద కాయితంపూలు. ఫుట్‌పాత్ నడుస్తనే ఉంటది, ఉన్నట్టుండి ఎవరిదో పూలకుండీ అడ్డమొచ్చి అయిపోతది. రోడ్డుకు నంబర్లున్నయ్, కాని ముప్పై ఆరు పక్కన ముప్పై ఏడే ఉంటదన్న గ్యారంటీ లేదు. నడిచేటోడు లేడు. బాబును తోసే బండిల ఒక కుక్కను కూసోబెట్టి తోసుకుంట ఒకామె ఎదురొచ్చింది. కుక్క కాళ్లకు ఎర్ర బూట్లు. ఇది కూడ కల్పించినవ్ అంటరు, తెలుసు. ఒట్టు పెట్టిన గదా.

"గిదేనా?" అన్నది మా ఇంటామె. ఒక గేటు పక్కన రెండు రాతి సింహాలు.

"మనయి ఏనుగులు."

ఇంకో సందు. "గీడ ఫౌంటెన్ చప్పుడు వస్తున్నది."

"మనింట్ల చప్పుడు రాదు. మెల్లగ ఎగురుతది."

ఇంకో సందు. ఒక మేడ నడుమల నుంచి నిజంగనే చెట్టు బయటికొచ్చి ఉన్నది. ఆమె సంబురంగ నా చెయ్యి పట్టుకుంది. "దొరికింది! గిదే మామిడిచెట్టు!"

"అది రావి."

ప్రతి ఇంటికి నా అబద్ధంల ఒక ముక్క ఉన్నది. ఏ ఇంటికీ మొత్తం లేదు. నా అంగి వీపుకు అతుక్కపోయింది. చాటుంగ ఫోన్ తీసి మ్యాప్‌ల ఆ రోడ్డు నంబర్ కొట్టిన. వాల్యూం తగ్గించుడు మర్చిపోయిన.

"యూ-టర్న్ తీసుకోండి" అన్నది ఫోన్, గట్టిగ, ఆ నిశ్శబ్దంల.

"ఎవరది?"

"ఆఫీసు నుంచి."

"ఆదివారం నాడు నిన్ను యూ-టర్న్ తీసుకొమ్మంటున్నరా?"

నేను ఫోన్ జేబుల పెట్టుకున్న. ఆమె అక్కడనే ఆగింది. చెమటకు ఆమె నొసటి బొట్టు కారుతున్నది. నా దిక్కు సూటిగ చూసి, "దారి మర్చిపోయినవా?" అన్నది. అదొక్కటే అన్నది. తిట్టలే. నాకు తిట్టినా బాగుండేది. నేను ఏదో చెప్పబోయేవరకు ఆమె నన్ను దాటి పోయింది.

సందు మూలకు చెట్టు కింద ఇస్త్రీ బండి ఉన్నది. బొగ్గుల ఇస్త్రీపెట్టె, బండి మీద మడతల గుట్టలు. అరవై దాటిన పెద్దమనిషి. పాలమూరు దిక్కాయన అని మాటల తెలిసింది.

"బాపూ, మా వదినె ఇల్లు ఈడనే ఉండాలె. జర చెప్తవా?"

"పేరు చెప్తే నాకేం తెలుస్తది బిడ్డా. పదేండ్ల సంది గీడనే ఉన్న, ఒక్కరి పేరు తెల్వదు. బట్టలు తెలుసు. ఎట్ల చీరలు కడ్తది మీ వదినె?"

మా ఇంటామె ఒక్క క్షణం ఆలోచించింది. "గంజి పెట్టిన నూలు చీరలు. అన్నం వార్చిన గంజి, పాకీటు గంజి గాదు. ఇంకా... మడతల్ల మరువం పెట్టుకుంటది. పెండ్లైన కొత్తల చూసిన."

పెద్దమనిషి ఇస్త్రీపెట్టె నిలబెట్టిండు. "ఆ మరువం అమ్మనా! పెట్టె తగలంగనే ఆమె చీరల నుంచి గుడి వాసన వస్తది. నా బండికాడ గా ఒక్క మూట వచ్చినప్పుడే మా ఊరు యాదికొస్తది. మూడో సందు, బూడిదరంగు గోడ. నల్ల గేటు."

నల్ల గేటు. నేను మా ఇంటామె వెనక నడిచిన.

ఇగ చెప్త ఆనాటి సంగతి. నాలుగేండ్ల కింద వానల తడుసుకుంట ఆ నల్ల గేటు ముంగటనే నిలబడ్డ. చేతిల సకినాల డబ్బా. చిన్న కిటికీల నుంచి వాచ్‌మెన్ తల బయటపెట్టి, "డెలివరీ?" అన్నడు. నా నెత్తి మీద ప్లాస్టిక్ కవరుండె, వానకు. నేను కాదని చెప్పేలోపలనే లోపలి ఫోన్ ఎత్తి అడిగిండు. ఆ ఫోన్‌లకెళ్లి అక్క గొంతు వినబడ్డది, నాకు, ఎవరికో చెప్తున్నట్టు. "నేనేం ఆర్డర్ చెయ్యలే, పంపియ్." మా అక్క గొంతే. నా పేరు చెప్పొచ్చు గదా? చెప్పొచ్చు. ముప్పై ఏండ్లు ఆఫీసుల మైకు లేకుండ ముచ్చట్లు చెప్పినోన్ని, ఆ గేటు ముంగట నోటికెళ్లి రెండక్షరాలు రాలే. పేరు చెప్పినంక కూడ "పంపియ్" అంటే? ఆ మాట వినుడు కంటే డెలివరీ పిల్లగాడు అనిపిచ్చుకొని పోవుడే నయమనిపిచ్చింది. పోయిన. ఆటోల కూసొని నాలుగు సకినాలు తిన్న. మిగిలినయి తెల్లారి ఆఫీసుల పెట్టిన.

ఇప్పుడు మళ్ల అదే గేటు. మా ఇంటామె పైట సరిచేసుకొని, భరిణె మూత తీసి చూసుకొని, నా దిక్కు తిరిగింది. "ఏనుగులేవి?"

"తీయించి ఉంటది."

"సరే. బెల్ కొట్టు."

నా వేలు బెల్ కాడికి పోయింది. ఆగింది. బుధవారం కుండలు, బిడ్డ మొఖం, మామిడిపండు రంగు చీర, చెవి డాక్టర్, అన్నీ ఒక్కసారి యాదికొచ్చినయ్. కండ్లు మూసుకొని కొట్టిన.

చిన్న కిటికీ తెరుచుకుంది. కొత్త వాచ్‌మెన్. ప్రశ్న మాత్రం పాతదే.

"డెలివరీయా?"

"డెలివరీ కాదు బాపూ, చుట్టరికం" అన్నది మా ఇంటామె. "లోపలమ్మకు చెప్పు, తమ్ముని పెండ్లాం బొట్టు పెట్టనీకి వచ్చిందని."

లోపలి ఫోన్‌ల ఎంతసేపు చప్పుడు లేదో నేను చెప్పలేను. నాకైతే మెట్రో మళ్ల మాదన్నపేటకు పోయి వచ్చినంత సేపు. తర్వాత చెప్పుల చప్పుడు. గేటు తెరుచుకుంది.

అక్క జుట్టు మొత్తం తెల్లగైంది. నాలుగేండ్లల్ల నేను ఆమెకు ఫౌంటెన్ పెట్టిన, చిలుకను పెట్టిన, జుట్టుకు ఒక్క తెల్ల వెంట్రుక పెట్టలే. గంజి నూలు చీర. ఆమె వెనుక వరసగ పూలకుండీలు, అన్నిట్ల మరువమే. ఏనుగు లేదు, ఊయల లేదు. ఒక బూడిదరంగు ఇల్లు, ఒక కారు, ఒక తులసి.

మా ఇంటామె కుంకుమల వేలు ముంచి చెయ్యి లేపింది. "వదినా, బిడ్డ పెండ్లి. ఐరేని కుండలు నీ నెత్తి మీద రావాలె. చూడు, నువ్వు పంపిన చీరనే కట్టుకొని వచ్చిన."

అక్క చీర దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది. చిన్నప్పుడు నేను బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు చూసేది అట్లనే. నేను చెప్పుల దిక్కు చూసిన.

"ఆ రంగు నీకు సరిపోతదని నేనే ఏరి తీసిన" అన్నది అక్క.

నాకు ఊపిరొచ్చింది.

"సకినాలు మంచిగ ముట్టినయా వదినా?"

"ముట్టకేం. గాని ఈ నడుమ ఉప్పు జర తక్కువేస్తున్నవే" అని నొసలు ముంగటికి వంచింది. మా ఇంటామె బొట్టు పెట్టింది. అక్క నా చెవి పట్టుకొని లోపలికి గుంజింది, చాయ్ పెట్టింది, బుధవారం పొద్దుగాలనే వస్తనన్నది. వచ్చేటప్పుడు గేటు కాడ నా చెవుల మెల్లగ, "తమ్మీ, నా ఇంట్ల చిలుక ఏమంటదిరా?" అని అడిగింది.

"ఆయియే అంటది అక్కా" అన్న.

ఇద్దరం నవ్వుకున్నం.

ఈడికి ఆపితే ముచ్చట మంచిగుంటది. మా ఆఫీసుల ఇట్లనే చెప్పిన, అందరు చప్పట్లు కొట్టిన్రు. కాని పింఛన్ మీద ఒట్టు వేసిన, ఇంకొన్నేండ్లల్ల ఆ కాయితాల మీద సంతకం పడాలె. నాకు ఆ ఫికర్ పట్టుకుంది. అందుకే చెప్తున్న. కుక్క బూట్లు నిజం, ఇస్త్రీ పెద్దమనిషి నిజం, బెల్ కొట్టింది కూడ నేనే. చీర ముచ్చట కాడికెళ్లి చిలుక ముచ్చట దాక కల్పించిన. మా అక్క నా కోసం అబద్ధం చెప్పలే. ఆమెకు అబద్ధం రాదు. మా ఇంట్ల ఆ విద్య మొత్తం నాకే వచ్చింది.

జరిగింది ఇది.

"నువ్వు పంపిన చీరనే కట్టుకొని వచ్చిన" అన్నది మా ఇంటామె.

"నేనెప్పుడు పంపిన?" అన్నది అక్క.

కుంకుమ వేలు గాలిల ఆగిపోయింది.

"మరి సకినాలు?"

"ఏ సకినాలు?"

"చెవి ఎట్లుంది వదినా?"

"నా చెవికేమైంది?"

వాచ్‌మెన్ కూడ నా దిక్కు తిరిగిండు. మా ఇంటామె నా దిక్కు చూసిన చూపు రాసే ధైర్యం నాకు లేదు. అరవకపోవుడే భయం. లేపిన చెయ్యి దించకుండనే, నా దిక్కు చూసుకుంటనే, ఒక్కొక్కటి చెప్పింది అక్కకు. దసరా సర్వపిండి. బోనాల గారెలు. ఊరికెనే ఒకసారి చేసిన సకినాలు, అక్కకు ఇష్టమని నువ్వులెక్కువేసినయి. ఎండకాలం పట్టిన మామిడి తొక్కు సీసా. అన్నీ చెప్పింది.

"గవన్నీ నాకేనా?" అన్నది అక్క.

"నీకే."

 గేటు పట్టుకున్న అక్క చేతివేళ్లు తెల్లగైనయ్. "మీరందరు నన్ను మర్చిపోయిన్రనుకున్ననే" అన్నది. "స్టేటస్ పెట్టినప్పుడు కోపమొచ్చింది. వస్తే తిడ్దామనుకున్న. తిట్టనీకి కూడ ఒక్కడు రాకపాయె."

నేను అప్పుడు చెప్పొచ్చు, వచ్చిన అక్కా, ప్లాస్టిక్ కవర్ కప్పుకొని ఇదే గేటు కాడికి వచ్చిన అని. చెప్పలే. అది కూడ ఒక కథే అనుకుంటదని భయమేసింది. ఇప్పుడు రాస్తున్న, చదివితే చదువుతది.

"ఎంతసేపు లేపుకొని ఉంటవే చెయ్యి, నొస్తది. పెట్టు" అన్నది అక్క.

మా ఇంటామె బొట్టు పెట్టింది. కుంకుమ అక్క ముక్కు మీద రాలింది. ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని లోపలికి పోయిన్రు. నేను వెంబడి అడుగేసిన. అక్క తిరిగి చూసింది.

"నువ్వు ఆడనే ఉండు."

గేటు మూసుకుంది. వాచ్‌మెన్ పాపం తన స్టూలు నాకిచ్చి, తాను నిలబడ్డడు. లోపల చాయ్ గిలాసల చప్పుడు, మా ఇంటామె ఏడుపు, తర్వాత నవ్వు. వాళ్లు ఏ ముచ్చట మీద నవ్వుతున్నరో నాకు తెలుసు. "ఫౌంటెనా? మా ఇంట్లనా?" అన్న అక్క గొంతు గోడ దాటి వచ్చింది. అంతసేపు ఆ స్టూలు మీద కూసొని, బుధవారం వస్తదా రాదా అని గేటు నల్లరంగు చూసుకుంట ఉన్న. ఎవ్వరు చెప్పలే. ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోల మా ఇంటామె కిటికీ దిక్కు తిరిగి కూసుంది. నేను అడగలే. మంగళవారం రాత్రిదాక కూడ అడగలే.

బుధవారం కుమ్మరోళ్ల వాకిట్ల డప్పులు మొదలైనయ్. అక్క కారు దిగింది, చెప్పులు ఇడిసింది, చుట్టకుదురు నెత్తి మీద పెట్టుకుంది. కుండలు ఎత్తుకొని మా ఇంటిదాక నడిచింది. బిడ్డ జడల దండ అక్క కట్టిందే, రెండు కనకాంబరాలకు ఒక మరువం రెమ్మ. నాతోని మాట్లాడలే. కాని ఇంటి గడప కాడ కుండలు దించేటప్పుడు ఇంకెవరో చెయ్యి పెట్టబోతే, "జరుగున్రి, నా తమ్ముడు పడ్తడు" అన్నది. పట్టుకున్న.

ఇప్పుడు డబ్బాలు నిజంగనే పోతున్నయ్. నేనే మోసుకపోత. చెక్‌పోస్ట్ కాడ దిగి నడిచే పోత. మా ఇంటామె పెట్టిన షరతు అది. డబ్బా ముట్టంగనే అక్క దాని ఫోటో తీసి మా ఇంటామె ఫోన్‌కు పంపాలె. ఫోటో రానంతసేపు నాకు ఇంట్ల చాయ్ రాదు. నిన్న ఫోటో వచ్చింది. డబ్బా సగమే ఉన్నది. మా ఇంటామె ఆ ఫోటోను వేళ్లతోని పెద్దగ చేసి చూసుడు నేను వంటింటి గుమ్మం కాడికెళ్లి చూసిన. ఆమె ఇంకా ఏం అడగలే, దారిల తిన్న సగానికి నేను ముచ్చట అల్లుకుంటున్న.